ప్రీమియం ఎయిర్ రైఫిల్ కొంటున్నారా? ముందు సిలిండర్ మీద తేదీ చూడండి

10 మీటర్ల షూటింగ్ పోటీల కోసం ఖరీదైన ఎయిర్ రైఫిల్ కొనాలని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా పిల్లల కోసం కొంటున్న తల్లిదండ్రులు, అడ్వాన్స్ ఇచ్చే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను. అమ్మినవాళ్ల పేరు గానీ రైఫిల్ కంపెనీ పేరు గానీ రాయడం లేదు. కంపెనీ తప్పు ఇందులో లేదు, రైఫిల్ తయారీలో లోపమూ లేదు. మోసం జరిగింది అమ్మిన చోట.

మా అమ్మాయి చాలాకాలం క్లబ్బు రైఫిల్‌తోనే నేర్చుకుంది. ఆ రైఫిల్‌ని పదిమంది వాడతారు. ఒకరు చెంప ఆనించే చెక్కని పైకి జరిపితే ఇంకొకరు కిందికి దించుతారు. స్కోరు ఒక దగ్గర ఆగిపోయాక, సొంత రైఫిల్ ఉంటే మేలని కోచ్ గారు అన్నారు. ఆయన మాట సరైనదే, ఇప్పటికీ అదే అంటాను. అలా వెతుకుతుంటే ఒక డీలర్ "కొత్త పీసు, షోరూంలోనే ఉంది, ఒక్క పెల్లెట్ (చిన్న సీసపు గుండు) కూడా కాల్చలేదు" అని ఒకటి చూపించాడు. కంపెనీ పెట్టె, ఫ్యాక్టరీలో కాల్చి చూసిన టెస్ట్ కార్డు, పనిముట్లు అన్నీ ఉన్నాయి. ఎక్కడా గీత లేదు. పెల్లెట్‌ని తోసే గాలిని నింపి ఉంచే సిలిండర్ చుట్టూ మాత్రం దుకాణం పేరున్న స్టిక్కర్ అంటించి ఉంది. అన్నిటికీ అలాగే వేస్తామన్నాడు.

ఆ తర్వాత ఒక పోటీలో ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (సామగ్రి నియమాల ప్రకారం ఉందో లేదో చూసే చోటు) దగ్గర సిలిండర్ తేదీ చూపించమన్నారు. స్టిక్కర్ ఒలిస్తే దాని కింద తయారైన నెల, సంవత్సరం చెక్కి ఉన్నాయి. సిలిండర్‌కి తయారైన తేదీ నుంచి ఉండే 10 ఏళ్ల గడువు అప్పటికే దాటిపోయింది. ఆ సిలిండర్‌తో కాల్చనివ్వలేదు, వాళ్లు చేసింది న్యాయమే. అదే మోడల్ వాడే ఇంకో అమ్మాయి తన రెండో సిలిండర్ ఇవ్వబట్టి మా పిల్ల ఆ రోజు లైన్ మీద నిలబడగలిగింది. డీలర్‌ని అడిగితే, "రైఫిల్ కొత్తదే కదా, ఎవరూ కాల్చలేదు కదా" అన్నాడు. సిలిండర్‌కి వారంటీ వర్తించదన్నాడు. స్టిక్కర్ సంగతి అడిగితే ఫోన్ పెట్టేశాడు.

ఎవరూ కాల్చలేదన్నది నిజమే కావచ్చు. ఏళ్ల తరబడి అమ్ముడుపోక అరలో పడి ఉన్న సరుకు అది. ఈ మోసం ఇంత తేలిగ్గా సాగడానికి కారణం ఉంది. ఎయిర్ రైఫిల్ బారెల్‌కి వయసు పెద్దగా తెలియదు. మెత్తని సీసం పెల్లెట్, తక్కువ వేగం, మందుగుండు వేడి లేదు కాబట్టి అరుగుదల దాదాపు ఉండదు. 1970లలో వచ్చిన జర్మన్ కంపెనీ ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ రైఫిళ్లు ఈరోజుకీ పెల్లెట్లన్నీ కాగితం మీద దగ్గర దగ్గరగా పడేలా కాలుస్తున్నాయి. దాంతో "పాతదైతే ఏం, మంచి కంపెనీది" అన్న ధీమా కొనేవాళ్లలో ఉంటుంది. కానీ ఆ పాత రైఫిళ్లు స్ప్రింగు, పిస్టన్‌తో నడిచేవి. వాటికి సిలిండర్ లేదు. ఇప్పటి పోటీ రైఫిళ్లు గాలిని ముందే నింపుకునే పీసీపీ రకం. వీటిలో ముందుగా కాలం చెల్లేది సిలిండరే.

సాధారణంగా ఆ సిలిండర్‌లో 200 బార్ దాకా గాలి నింపుతాం. కారు టైరులో ఉండేది రెండు, రెండున్నర బార్ మాత్రమే అని గుర్తుంచుకుంటే, పిల్లల ముఖానికి జానెడు దూరంలో ఎంత ఒత్తిడి పెడుతున్నామో అర్థమవుతుంది. నింపిన ప్రతిసారీ లోహం సాగుతుంది, ఖాళీ అయినప్పుడు కుదురుకుంటుంది. అందుకే పోటీ రైఫిల్ కంపెనీలు తయారైన తేదీ నుంచి 10 ఏళ్ల గడువు పెట్టాయి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల్లోనూ గరిష్ఠంగా 10 ఏళ్లే, తేదీ చూసుకునే బాధ్యత షూటర్‌దే. మీరు కొన్న రోజు నుంచి కాదు, తయారైన రోజు నుంచి లెక్క. ఏడేళ్లు అరలో ఉన్న సిలిండర్‌ని మీరు "కొత్తగా" కొంటే మీకు మిగిలేది మూడేళ్లే. ఈ తేడా ధరలో కనిపించాలి. మాకు కనిపించలేదు.

కాబట్టి బేరం మొదలుపెట్టకముందే సిలిండర్ మీద చెక్కిన తేదీ, సీరియల్ నంబరు స్పష్టంగా కనబడేలా ఫొటో అడగండి. స్టిక్కర్, టేపు, పెయింటు ఏది ఉన్నా తీయించి చూడండి. ఆ మోడల్‌కి కొత్త సిలిండర్ ఇంకా దొరుకుతోందా, దాని ధర ఎంత అన్నది కూడా అప్పుడే కనుక్కోండి. ఒక కంపెనీ సిలిండర్ ఇంకో కంపెనీ రైఫిల్‌కి పట్టకపోవచ్చు. ఒకే కంపెనీలో కూడా పాత, కొత్త మోడళ్లకి తేడాలుంటాయి. అడాప్టర్ వేసి ఎలాగోలా సర్దుతాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మా కథ సిలిండర్‌తో ఆగలేదు. తర్వాత రెగ్యులేటర్ బయటపడింది. సిలిండర్‌లోని ఒత్తిడిని బాగా తగ్గించి, ప్రతి షాటుకీ ఒకే మోతాదు గాలి అందేలా చూసేది అదే. పెల్లెట్ ఒకే వేగంతో వెళ్తుందంటే దాని చలవే. ఏళ్లపాటు కదలకుండా ఉంటే లోపలి ఓ-రింగులు (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగులు) గట్టిపడతాయి, లోపలి వాల్వు మూసుకునే చోట సన్నగా లీకు మొదలవుతుంది. అప్పుడు కొంచెంసేపు ఆగి కాలిస్తే లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది కాబట్టి మొదటి షాటు మిగతావాటికంటే వేగంగా వెళ్తుంది. మా అమ్మాయికి సరిగ్గా ఇదే జరిగేది. వరుసగా కాలుస్తున్నంతసేపు బాగుండేది, ఊపిరి తీసుకోవడానికి ఆగి మళ్లీ ఎత్తితే పెల్లెట్ పైకి పోయేది. ఇది తన లోపమే అనుకుని ఆ పిల్ల ఎంత నలిగిపోయిందో నాకు తెలుసు. ఈ ఆటలో పదో వలయం అంటే అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ వ్యాసమే 4.5 మిల్లీమీటర్లు. అంత సూక్ష్మంలో రైఫిల్ తప్పు ఏది, చేతి తప్పు ఏది అని పిల్లలు విడదీసి చెప్పలేరు. డబ్బు పోయినదానికంటే నాకు ఇదే ఎక్కువ కోపం తెప్పించింది.

దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ చాలా క్లబ్బుల్లో ఉంటుంది. వరుసగా ఒక పది షాట్లు కాల్చి వేగాలు రాసుకోండి. పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేసి మళ్లీ ఒకటి కాల్చండి. ఆ ఒక్కటి అమాంతం పెరిగితే రెగ్యులేటర్‌కి పని పడిందన్నమాట. 10 మీటర్ల పోటీ రైఫిల్ వేగం సాధారణంగా సెకనుకి 170, 175 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది, షాటుకీ షాటుకీ తేడా చాలా స్వల్పం. దానితోపాటు సిలిండర్ నింపి, గేజి ఎంత చూపిస్తోందో రాసుకుని ఒక రాత్రి వదిలేయండి. తెల్లారేసరికి స్పష్టంగా పడిపోతే ఎక్కడో లీకు ఉంది. నింపిన వెంటనే గాలి వేడిగా ఉంటుంది, చల్లారాక గేజి కాస్త దిగుతుంది, అది లీకు కాదు. పరీక్ష చేయనివ్వను అన్నవాడి దగ్గర కొనకండి. ఇంత ఖరీదైన వస్తువుని ఒకసారి కాల్చి చూపించడానికి నిజాయితీగా అమ్మేవాడికి అభ్యంతరం ఉండదు.

ఇంకో ప్రమాదం ఉంది, ఇది ప్రాణాల మీదికి వచ్చేది. లీకు ఆగాలని ఎవరో చెప్పారని మామూలు నూనె గానీ గ్రీజు గానీ గాలి దారిలో వేయకండి. అధిక ఒత్తిడి గాలిలో పెట్రోలియం నూనె అంటుకోగలదు. ఆక్సిజన్ సిలిండర్ నుంచి ఎప్పటికీ నింపకండి. నింపాల్సింది తేమ లేని, వడపోసిన గాలి, అదీ నెమ్మదిగా. చేతిపంపుతో నింపేటప్పుడు తేమ లోపలికి పోతే రెగ్యులేటర్ త్వరగా పాడవుతుంది.

కాగితాల విషయం. టెస్ట్ కార్డు మీది సీరియల్ నంబరు, రైఫిల్ మీది నంబరు ఒకటేనా చూడండి. ఆ నంబరుతో తయారీ కంపెనీకి నేరుగా మెయిల్ పెట్టి, ఏ సంవత్సరంలో తయారైందో అడగండి. వారంటీ ఎవరిస్తున్నారు, కంపెనీనా దుకాణమా, సిలిండర్, రెగ్యులేటర్ అందులో ఉన్నాయా లేవా అన్నది బిల్లు మీదే రాయించుకోండి. నోటిమాట మాకు ఏమాత్రం పనికి రాలేదు. చట్టం కూడా ముందే చూసుకోండి. లైసెన్స్ లేకుండా ఉంచుకోగల ఎయిర్ రైఫిల్ శక్తికి ఒక్కో దేశం ఒక్కో పరిమితి పెట్టింది. పెల్లెట్ శక్తిని జౌల్స్‌లో కొలుస్తారు: జర్మనీలో 7.5 జౌల్స్, ఇంగ్లండ్‌లో సుమారు 16 జౌల్స్. స్ప్రింగు మార్చి శక్తి పెంచిన రైఫిల్ అంటగడితే చిక్కుల్లో పడేది కొన్నవాళ్లే.

అసలు ప్రీమియం రైఫిల్ అవసరమా అని అడిగేవాళ్లకి నా అభిప్రాయం: పిల్లలు నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కడం కుదిరేదాకా క్లబ్బు రైఫిల్ చాలు. కుదిరాక మాత్రం మంచిదే కొనండి, ఒంటికి సరిపడే రైఫిల్ నిజంగా మార్పు తెస్తుంది. ఎదిగే పిల్లలకైతే స్టాక్ (రైఫిల్‌ని ఒంటికి ఆనించి పట్టుకునే భాగం) పొడవు, చెంప చెక్క, భుజానికి ఆనే పట్టీ ఎంతమేరకు జరుగుతాయో కొలిచి చూడండి. బరువు కూడా ముఖ్యం. నియమాల ప్రకారం 5.5 కిలోల దాకా ఉండొచ్చు గానీ, పన్నెండేళ్ల పిల్ల 60 షాట్ల మ్యాచ్ అంతా అంత బరువు మోస్తే నడుము దెబ్బతింటుంది. ఎడమచేతి వాటం పిల్లలైతే ఆ మోడల్ వాళ్లకి వస్తుందో లేదో మొదటే అడగండి.

చివరికి మేము కంపెనీ నుంచి కొత్త సిలిండర్ తెప్పించాం, రెగ్యులేటర్ సర్వీసు చేయించాం. మొదటి షాటు ఇప్పుడు పైకి పోవడం లేదు. గడువు తీరిన సిలిండర్‌ని "ఇంట్లో ప్రాక్టీసుకే కదా, ఇచ్చేయండి" అని ఒకాయన మంచి ధరకే అడిగారు. ఇవ్వలేదు. గాలి పూర్తిగా తీయించి, ఇంకెవరూ నింపే వీలు లేకుండా సర్వీసు చేసేవాళ్ల చేతే వాల్వు ఊడదీయించాం.