డ్రాబ్యాకా, డిసడ్వాంటేజా?

రెండూ ఒకటే అనుకుని వాడేస్తాం గానీ కాదండి. మా శ్రీకాకుళం టౌన్‌లో రైల్వే స్టేషన్ లేదు కదా, శ్రీకాకుళం రోడ్ అని పేరున్న స్టేషన్ ఏమో ఆమదాలవలసలో ఉంది, ట్రైన్ దిగాక మళ్లీ ఆటోనో బస్సో పట్టుకోవాలి, ఇది ఊరికున్న డ్రాబ్యాక్, అంటే దాన్లోనే ఉన్న లోటు. అదే విజయనగరం వాడికి స్టేషన్ ఊళ్లోనే, పొద్దున్నే వైజాగ్‌లో ఇంటర్వ్యూ అంటే వాడు నింపాదిగా టిఫిన్ తిని బయల్దేరతాడు, వాడి పక్కన మనం వెనకబడ్డాం చూడండి, అదీ డిసడ్వాంటేజ్. పోల్చడానికి ఇంకొకడు ఉంటేనే దానికి పని.

నాకైతే డ్రాబ్యాకే నోటికి తేలిక. అన్నట్టు ఎగుమతి వ్యాపారుల దగ్గర డ్రాబ్యాక్ అంటే లోటు కాదు, 1962 కస్టమ్స్ చట్టం కింద కట్టిన సుంకం వెనక్కి రావడం!