బీజీ-11 రెడీమేడ్ పొడి: పచ్చగా పెంచడానికి బాగుంది, ఎర్రబరచడానికి చాలదు

సూక్ష్మ శైవలాల (కంటికి కనిపించనంత చిన్న నాచు కణాల) నుంచి అస్టాజాంథిన్ అనే ఎర్ర రంగో, నూనో రాబట్టాలనుకునేవారిలో చాలామంది మొదట కొనేది బీజీ-11 అనే ఈ పోషక లవణాల పొడి డబ్బానే. లీటరు నీటికి దాదాపు 1.6 గ్రాములు కలిపితే మీడియం (పెంపక ద్రావణం) సిద్ధం, విడివిడిగా తూచే బాధ లేదు. క్లోరెల్లా, సెనెడెస్మస్ లాంటి నాచు రకాలు ఇందులో చక్కగా ఎదుగుతాయి. పెంపకం వరకైతే ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు.

నైట్రోజన్ అందకుండా ఆకలి పెడితే ఈ కణాలు రంగు, కొవ్వు కూడబెడతాయి. ఆ దశలోనే దీనితో చిక్కు. లీటరుకు 1.5 గ్రాముల సోడియం నైట్రేట్ అంటే సుమారు 247 మిల్లీగ్రాముల నైట్రోజన్. ఎండిన నాచులో 7 శాతం నైట్రోజన్ ఉంటుందనుకుంటే, మూడున్నర గ్రాముల నాచుకు సరిపడా మేత అది. మామూలు ఫ్లాస్కులో గాలి బుడగలతో పెంచితే ఒకటి, ఒకటిన్నర గ్రాములు దాటడమే గగనం. ఇక నైట్రోజన్ దానంతటదే అయిపోయి కొవ్వు పేరుకునేదెప్పుడు? వారాలు గడిచినా ఫ్లాస్కు పచ్చగానే ఉంటుంది. ఆగి చూసే పద్ధతే కావాలంటే బోల్డ్స్ బేసల్ మీడియం అనే మరో మిశ్రమం నయం. అందులో నైట్రేట్ 0.25 గ్రాములే కాబట్టి 0.6 గ్రాముల నాచు దగ్గరే కరువు మొదలవుతుంది.

బీజీ-11తోనే సాగాలంటే నైట్రేట్ లేని రకం విడిగా కొనాలి. బాగా పెరిగిన కణాలను వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో దించి, ఆ మీడియంతోనే ఒకసారి కడిగి, మళ్లీ అందులోనే కలపాలి. కడగడం మానేస్తే మిగిలిన నైట్రేట్ రోజుల తరబడి ఒత్తిడిని వాయిదా వేస్తుంది. అస్టాజాంథిన్ ఇచ్చే హెమటోకాకస్ నాచులో ఈదే కణాలు సున్నితం, వేగం ఎక్కువైతే చితికిపోతాయి. వాటిని కాసేపు కదపకుండా ఉంచి పేరుకోనిచ్చినా చాలు. నైట్రేట్‌తో పాటు సోడియం కూడా పోతుంది కనుక, పోల్చి చూసే ప్రయోగమైతే లీటరుకు 1.03 గ్రాముల ఉప్పు వేయాలి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్‌లో కొద్దిగా నైట్రోజన్ ఉంటుంది, కానీ అది లెక్కలోకి రానంత.

పొడిగా అమ్మడంలోనే ఇంకో లోపముంది. ఫాస్ఫేట్‌ను వేరుగా ఆటోక్లేవ్ చేసే (ఒత్తిడి ఆవిరితో క్రిమిరహితం చేసే) వీలు లేదు. అంతా కలిపి వేడిచేస్తే కాల్షియం, ఇనుములతో కలిసి తెల్లగా మడ్డి కడుతుంది, ఓడీ రీడింగ్ (ద్రావణం ఎంత కాంతిని అడ్డుకుంటుందో చూసి కణాలను అంచనా వేసే కొలత) తప్పుతుంది. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకడితే ఆ గొడవ ఉండదు. పొడి తేమ పీల్చి గడ్డకడితే అందులోంచి కొంచెం తీసి తూచొద్దు, లవణాల పాళ్లు మారతాయి.

ఎర్రబరచడానికి ఆకలితో పాటు వెలుతురు పెంచేటప్పుడు కణాల సాంద్రత చూసుకోవాలి. మరీ పల్చగా ఉంటే ఎర్రబడకముందే తెల్లబారి చస్తాయి. మరీ చిక్కనైతే ఒకదాని నీడలో మరొకటి పడి, సగం పచ్చగానే మిగులుతాయి. ఒత్తిడిలో కణాలు ఉబ్బుతాయి కాబట్టి ఓడీని నమ్మకుండా ఎండు బరువు తీయాలి.

కొనేముందు లేబుల్ మీద రెండు విషయాలు చూడండి: ట్రేస్ లోహాలు (అతి కొద్దిగా కావాల్సిన లోహాలు) పొడిలోనే ఉన్నాయా లేక విడిగా కలపాలా అన్నది ఒకటి, విటమిన్లు ఉన్నాయా అన్నది రెండోది. అసలు బీజీ-11 సూత్రంలో విటమిన్లు లేవు, బీ12, థయమిన్ అడిగే రకాలకు విడిగా వేయాల్సిందే.