ది వేలియంట్ వన్స్: ఓడదొంగల మీద గుప్పెడుమంది పోరు

హాంకాంగ్ పోరాట చిత్రాలు అనగానే మనకు మొదట బ్రూస్ లీ, ఆ తరువాత జాకీ చాన్ గుర్తుకొస్తారు. వారిద్దరి దారీ కాకుండా తనదైన మరో దారిలో నడిచిన దర్శకుడు కింగ్ హు. ఆయన 1975లో తీసిన ‘ది వేలియంట్ వన్స్’ను ఇటీవల 4కే ప్రమాణంలో పునరుద్ధరించిన ప్రతిలో చూశాను. చైనీస్‌లో దీని పేరు ‘చుంగ్ లియె తు’. నమ్మినదాని కోసం ప్రాణాలిచ్చిన వీరుల చిత్రపటం అని దానికి అర్థం చెప్పుకోవచ్చు. ఆ పేరులోని గాంభీర్యం సినిమా అంతటా ఉంది.

కథాకాలం 16వ శతాబ్దం. మింగ్ వంశానికి చెందిన జియాజింగ్ చక్రవర్తి పాలిస్తున్న రోజుల్లో చైనా తూర్పు తీరాన్ని ‘వోకౌ’ అనే ఓడదొంగలు కొల్లగొట్టేవారు. జపాను దొంగలు అన్న అర్థంలో ఆ పేరు పుట్టినా, వారిలో చాలామంది చైనీయులే. సముద్ర వ్యాపారాన్ని ప్రభుత్వం నిషేధించడంతో దొంగరవాణాకు దిగిన వర్తకులు, వారికి అండగా నిలిచి వాటాలు పంచుకున్న తీరప్రాంతపు పెద్దలు ఆ దందాను పెంచి పోషించారు. ఈ చేదు నిజాన్ని కింగ్ హు దాచలేదు. దొంగల ముఠాను నడిపేవారిలో జపాను యోధుడితో పాటు చైనీయుడూ ఉంటాడు. అధికారుల్లో ఎవరు ఎవరి మనిషో తెలియదు. అందుకే దొంగలను అణచడానికి వచ్చిన అధికారి జూ వాన్ పెద్ద సైన్యాన్ని కాక, సేనాని యూ దాయౌనూ అతడు ఏరుకున్న కొద్దిమందినీ నమ్ముకుంటాడు. జూ వాన్, యూ దాయౌ ఇద్దరూ చరిత్రలో ఉన్నవారే. నిందల పాలైన జూ వాన్ చివరికి 1550లో తన ప్రాణం తానే తీసుకున్నాడని తెలిసి చూస్తే, ఈ సినిమాలోని ప్రతి గెలుపూ కొంత బరువుగా అనిపిస్తుంది.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసినది అడవిలోని ఘట్టం. శత్రువులు చెట్ల చాటున చుట్టుముడుతుంటే యూ దాయౌ నలుపు, తెలుపు రాళ్ళతో ఎత్తులు వేస్తూ ఆడే ‘గో’ ఆట పలక ముందు స్థిమితంగా కూర్చుంటాడు. శత్రువు ఏ దిక్కున కదులుతున్నాడో వేణునాదం సంకేతంగా చెబుతుంది. కత్తుల కంటే ముందు చెవులు యుద్ధం చేసే ఇలాంటి సన్నివేశాన్ని నేను మరే పోరాట చిత్రంలోనూ చూడలేదు. బలగం తక్కువైనవాడికి బుద్ధే బలమన్న సంగతిని ఎవరి నోటా పలికించకుండా, ఒక పలకతో, కొన్ని రాళ్ళతో, ఒక వేణువుతో చూపించాడు దర్శకుడు.

తరువాత చెప్పుకోవలసింది దొంగల స్థావరంలో జరిగే పరీక్ష. యూ దాయౌ దళంలోని యోధుడు వూ జీయువాన్, అతని భార్య ముఠాలో చేరడానికి వచ్చినట్లు నటిస్తూ అక్కడికి వెళతారు. దొంగలు తమ యోధులను ఒక్కొక్కరినే వారి మీదికి పంపుతారు. ఇక్కడ కింగ్ హు దృశ్యాల కూర్పు (ఎడిటింగ్) గమనించదగినది. దెబ్బ తగిలే క్షణాన్ని ఆయన పూర్తిగా చూపడు. ఒక అడుగు, గాలిలో ఎగిరిన అంగీ అంచు, తూలిన మనిషి కనిపిస్తారు, అంతే. మధ్యలో జరిగినదాన్ని మన కన్ను అందుకోలేక వెనకబడుతుంది. వీరుడి వేగం మనకు తెలిసేది ఆ వెనకబాటులోనే. దానికి చైనా సంప్రదాయ సంగీత నాటకమైన పెకింగ్ ఒపేరా తాళవాద్యాల దరువు తోడై, పోరాటానికి నాట్యపు లయ వస్తుంది.

భార్య పాత్రలో షు ఫెంగ్ సినిమా మొత్తంలో దాదాపు మాట్లాడదు. ఆమె చూపు, నిలబడే తీరు చాలు. వూగా బాయ్ యింగ్ కూడా అంతే పొదుపుగా నటించాడు. బ్రూస్ లీ చిత్రంలో షావోలిన్ గురువుగా కనిపించిన రాయ్ చియావ్ ఇక్కడ యూ దాయౌ పాత్రకు నిండుతనం తెచ్చాడు. జాకీ చాన్ మిత్రుడిగా మనకు పరిచయమైన సామో హంగ్ అప్పటికి ఇరవై మూడేళ్ళవాడు. జపాను నాయకుడి వేషం వేయడమే కాక పోరాటాలను కూర్చినదీ అతడే. సముద్రపు ఒడ్డున అతనికీ వూకూ జరిగే చివరి పోరు కోసం ఈ సినిమాను రెండోసారి చూశాను.

లోపాలు లేకపోలేదు. మొదటి నిమిషాల్లో చరిత్రను, పేర్లను వరసగా వినిపించడం వల్ల కొత్తవారు తికమకపడతారు. వీరుల దళంలో కొందరు పేర్లుగానే మిగిలిపోతారు. వారు నేలకొరిగినప్పుడు కలగవలసినంత బాధ కలగదు. భార్యాభర్తల మధ్య ఒక్క తీరిక సన్నివేశమైనా ఉంటే బాగుండునని నాకు గట్టిగా అనిపించింది.

చూడదలచినవారు పాత వీడియో ప్రతుల జోలికి పోకుండా పునరుద్ధరించిన ప్రతినే వెతుక్కోవాలని నా మనవి. చెట్ల ఆకుల మధ్య దాగిన మనిషిని పసిగట్టడం ఈ సినిమాలో కథకు సంబంధించిన విషయం. బొమ్మ మసకబారితే ఆ మనిషి మనకు కనబడడు. శబ్దం కూడా తగ్గించకండి, వేణువు వినబడాలి.