పొరలు పొరలుగానా, ఒకే విడతలోనా: తైలవర్ణ చిత్రానికి ఏ పద్ధతి?

విజయవాడలో తైలవర్ణాలు నేర్చుకోవాలనుకునేవారికి పూర్వపు మహాచిత్రకారులు రెండు దారులు చూపుతారు. వాన్ ఐక్, టిషియన్ వంటివారు అడుగు చిత్రం (వెలుగునీడలతో ముందుగా వేసుకునే కింది పొర) మీద పలుచని పారదర్శక పొరలు వేశారు; ఫ్రాన్స్ హాల్స్ తడి రంగు మీదే తడి రంగు పూసి, కుంచె జాడలను దాచకుండా వదిలేశాడు.

ఖర్చు: పొరల పద్ధతిలో అడుగు చిత్రం అంబర్ (మట్టి గోధుమ రంగు), తెలుపు వంటి చవక రంగులతో పూర్తవుతుంది. లాపిస్ లాజులి అనే రాతి నుంచి తీసే నీలం ఎంతో ఖరీదైనది కనుక, పూర్వం కొందరు చవకైన అజురైట్ అనే ఖనిజపు నీలం మీద దానిని పలుచగా పూసేవారు. ఒకే విడతలో రంగు మందంగా పడి ట్యూబులు త్వరగా ఖాళీ అవుతాయి.

సమయం: మొదటిదానికి వారాలు, రెండవదానికి ఒక పూట.

ప్రమాదం: తైలవర్ణాల్లో కలిపే అవిసె నూనె నీటిలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి గట్టిపడుతుంది; నూనె ఎక్కువైతే ఆరడం ఆలస్యమవుతుంది. అందుకే కింది పొరలో నూనె తక్కువగా, పై పొరలో ఎక్కువగా ఉండాలి; ఇది తారుమారైతే ముందే బిగిసిన పై పొర పగులుతుంది. వేసవిలో రంగు వేలికి అంటనంత మాత్రాన లోపల ఆరినట్లు కాదు. ఒకే విడతలో ఈ భయం తక్కువే గాని, రంగులు కలిసిపోయి మురికిగా మారతాయి, దిద్దడమూ కష్టం.

ప్రకాశం బ్యారేజి మీద నిమిషాల్లో మారిపోయే సాయంకాలపు వెలుగుకు ఒకే విడత నప్పుతుంది. ఇంట్లో తీరికగా వేసే మనిషి ముఖపు చిత్రానికి, ముఖ్యంగా వెలుగునీడల మీద ఇంకా పట్టు చిక్కని వారికి, పొరల పద్ధతే మేలని నా అభిప్రాయం.