ఉరుబాంబా లోయను ఒక్క రోజులో చూపిస్తామనేవారిని నమ్మవద్దు

పెరూలోని కుస్కో నగరంలో ప్రధాన కూడలి చుట్టూ ఎటు చూసినా, పవిత్ర లోయగా పిలిచే ఉరుబాంబా లోయను భోజనంతో సహా ఒక్క రోజులో చూపిస్తామనే బోర్డులే. అటువంటి ఒక ఏజెన్సీకి నాకు, నా భార్యకు, అత్తగారికి కలిపి 240 సోళ్లు (సోల్ పెరూ కరెన్సీ) చెల్లించాము. ఖర్చులన్నీ అందులోనే అని మాట ఇచ్చినవారు, శిథిలాల ప్రవేశ టికెట్టును మనిషికి 70 సోళ్లు పెట్టి విడిగా, అదీ నగదుతోనే కొనుక్కోవాలన్న సంగతిని బస్సు బయలుదేరాక చెప్పారు.

పిసాక్ కొండవాలు మీద, స్పానిష్ వారు రాకముందు ఇక్కడ ఏలిన ఇంకాలు కట్టిన మెట్లపొలాలు, ఎదుటి కొండచరియలో తొలిచిన సమాధుల గుంతలు సగం పూట కేటాయించి చూడదగినవి. మాకు దక్కినవి 40 నిమిషాలు. కింద ఊరిలోని వెండి నగల దుకాణంలో మాత్రం అంతకన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టారు. ఉరుబాంబా పట్టణంలో భోజనం గురించి చెప్పడానికేమీ లేదు.

అసలు అన్యాయం ఓయాంతాయ్‌తాంబోలో జరిగింది. స్పానిష్ వారిపై తిరగబడిన ఇంకాల రాజు మాంకో, స్పానిష్ సేనాని హెర్నాండో పిజారో సేనను ఓడించి వెనక్కు పంపింది ఇక్కడే. కాలువల నీటిని మైదానంలోకి మళ్లించి గుర్రాలను అడుగు వేయనివ్వలేదు. కొండపైన సూర్యాలయంగా చెప్పే అసంపూర్ణ కట్టడంలో ఆరు మహాశిలలు గోడలా నిలబడి ఉన్నాయి. గులాబీ ఛాయ గల ఆ రాళ్లను నదికి అవతల ఉన్న కాచికాటా గని నుంచి, చక్రాల బండి అన్నది లేకుండా, లోయలోకి దించి, నది దాటించి, మళ్లీ ఈ కొండ ఎక్కించారు. మోకాళ్ల నొప్పితోనే ఆ గోడను చూడాలని పట్టుబట్టిన అత్తగారు మెట్లలో సగం ఎక్కేసరికి, గైడు కింద నుంచి చప్పట్లు కొట్టి, చించేరోలో నేతపని ప్రదర్శనకు ఆలస్యమవుతోందని అందరినీ దిగిపొమ్మన్నాడు. ఆవిడ పైకెక్కి చూస్తారని నేను అడిగితే, టికెట్టు రెండు రోజులు చెల్లుతుంది కనుక రేపు మళ్లీ రావచ్చని భరోసా ఇచ్చాడు. తిరుగు ప్రయాణమంతా అత్తగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మా ఆవిడ నాతో కూడా మాట్లాడలేదు.

మర్నాడు కుస్కోలోని పావితోస్ వీధి నుంచి బయలుదేరే కొలెక్తివో అనే షేర్ వ్యానులో, మనిషికి 15 సోళ్లతో, రెండు గంటలలోపే ఓయాంతాయ్‌తాంబో చేరాము. గేటు దగ్గర ఉద్యోగి ఎంతో మర్యాదగా మా టికెట్ల మీది రంధ్రాన్ని చూపించి, చెల్లుబాటు రెండు రోజులైనా ఒక్కో స్థలంలోకి ప్రవేశం ఒక్కసారేనని వివరించాడు. కొత్త టికెట్లకు మళ్లీ 210 సోళ్లు అయ్యాయి. ఈ నిబంధన గైడుకు తెలియకపోవడం అసాధ్యం. అత్తగారు ఈసారి మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకెక్కి, ఆ ఆరు రాళ్ల ఎదుట చాలాసేపు నిలబడ్డారు.

ఆ రాత్రికి పాత ఊరిలోనే ఒక కుటుంబం నడిపే బసలో దిగాము. మూడు మంచాల గది, ఉదయపు ఫలహారంతో కలిపి 140 సోళ్లు. ఇంకాలు వేసిన వీధుల్లోనే, వారు పేర్చిన గోడల మధ్యే జనం నేటికీ కాపురాలుంటున్న ఊరు ఇది. సందుల వెంట రాతి కాలువల్లో కొండనీరు పారుతూ ఉంటుంది. కుస్కోలో శాకాహారమని చెబితే కోడి ముక్కలు తీసేసి అదే సూపును ముందు పెట్టిన అనుభవంతో అత్తగారు రొట్టె, అరటిపండ్లతోనే కాలం గడుపుతున్నారు. ఇక్కడి ఇల్లాలు మాత్రం విషయం విని, వేరే గిన్నెలో కీన్వా గింజలు, బంగాళాదుంపలు, గుమ్మడి వేసి సూపు కాచింది. తరువాత బతాన్ అనే పలక రాయి మీద ఎర్రటి రొకోటో మిరపకాయలను, వకతాయ్ ఆకును, వేరుశనగలను నూరి ఉచుకుటా చేసింది. అచ్చం మన రోటి పచ్చడిలా ఉన్న దానిని అత్తగారు చూసి, తానూ ఆ రాయి పట్టి రెండు చేతులా నూరారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాకపోయినా వంటింట్లో గంటకు పైగా గడిపారు. ముగ్గురి భోజనానికి ఆమె తీసుకున్నది 45 సోళ్లు. ఈ యాత్రలో అంత న్యాయంగా ఖర్చయిన డబ్బు మరొకటి లేదు.

మిగిలినవాటికి టాక్సీ మాట్లాడుకోవడమే మేలు. మొరాయ్, మారాస్, చించేరోలను చూపించి కుస్కోలో దింపడానికి మాకు 180 సోళ్లు పడింది. మొరాయ్ వలయాకార మెట్లపొలాలు, చించేరో ఆ 70 సోళ్ల టికెట్టులోనే వస్తాయి. మారాస్ ఉప్పు మడులకు విడిగా మనిషికి 20 సోళ్లు చెల్లించాము. ఉప్పునీటి ఊటతో నిండే 3,000కు పైగా మడులవి. వాటిని సాగుచేసే స్థానిక కుటుంబాలే ప్రవేశ రుసుము తీసుకుంటాయి కనుక, ఆ డబ్బు ఇవ్వడానికి నాకు మనసొప్పింది. చించేరోలో ఇంకాల గోడల మీదే కట్టిన స్పానిష్ పాలన కాలపు చర్చిని పగటి వెలుగులో చూడాలి. మొదటి రోజు మా బస్సు అక్కడికి చేరిందే చీకటిపడ్డాక.

పెద్దవారితో వెళ్లేవారికి నా గట్టి సలహా: కుస్కో విమానాశ్రయంలో దిగగానే నగరంలో ఉండిపోకుండా నేరుగా లోయలోకి దిగండి. కుస్కో ఎత్తు దాదాపు 3,400 మీటర్లు; ఓయాంతాయ్‌తాంబో అంతకన్నా సుమారు 600 మీటర్లు దిగువన ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచనవుతుంది కనుక, ఆ తేడా అత్తగారి నిద్రలోనే తెలిసింది. మాచు పిచ్చు రైలు కూడా అక్కడి నుంచే ఎక్కవచ్చు.

కుస్కోకు తిరిగివచ్చాక నేను ఏజెన్సీకి వెళ్లి, గైడు తప్పుడు మాట వల్ల అయిన 210 సోళ్లు అడిగాను. మొదట నవ్వి ఊరుకున్నారు. పెరూ చట్టం ప్రకారం ప్రతి వ్యాపారసంస్థా ఫిర్యాదుల పుస్తకం ఉంచాలి, అడిగినవారికి ఇవ్వాలి. దానిని అడిగితే లేదన్నారు. వినియోగదారుల హక్కులను చూసే ప్రభుత్వ సంస్థ ఇందెకోపి పేరు ఎత్తగానే సొరుగులోంచి బయటికి వచ్చింది. జరిగినదంతా వివరంగా రాసి, నా ప్రతి తీసుకున్నాను. రాయడం పూర్తయ్యేలోపే 100 సోళ్లు బల్ల మీద పెట్టారు. అవి తీసుకుని, మిగిలిన 110 ఇంకా రావలసి ఉందని అదే పేజీలో రాసి సంతకం చేశాను.