ఆఫర్లో 549కి కొన్న 46 పీసుల టూల్ బాక్సు, ఏడాది వాడాక

పోయినేడు పండగ సేల్లో 1,299 కొట్టేసి పక్కన 549 అని చూపిస్తే ఆగలేక కొనేశా. ఆకుపచ్చ ప్లాస్టిక్ బాక్సు, లోపల 46 పీసులు, మీకూ ఎక్కడో ఒకచోట కనపడే ఉంటుంది, పది పేర్లతో అమ్ముతారు గానీ లోపల సరుకు ఇంచుమించు ఒకటే. పేరు రాయట్లేదు, పేరు మారినా కథ మారదు కాబట్టి. కారుకి, బైకుకి, ఇంటికి అన్నిటికీ ఇదొక్కటి చాలు అని రాసుంది దాని మీద. మూత తీయగానే మాత్రం భలే ఉంటుంది, గోటీలన్నీ (నట్టు మీద తొడిగి తిప్పే సాకెట్లు) చిన్న నుంచి పెద్దకి వరసగా మెరుస్తూ, మా ఆరేళ్ళ వాడు రెండ్రోజులు వేరే బొమ్మ ముట్టుకోలేదు.

నా బండి పాత వ్యాగనార్, సెకండ్ హ్యాండ్లో కొన్నది, ముందు ఓనరు జాకీ ఇచ్చాడు, వీల్ పానా ఇవ్వలేదు. కిట్టు ఉంది కదా ఇంకేంటి అని డిక్కీలో పడేసి ధైర్యంగా తిరిగా. ఆగస్టులో ఒక రాత్రి, సన్నగా వాన, మూసాపేట దాటాక టైరు పంచర్. స్టెప్నీ దించా, జాకీ ఎత్తా (నట్లు ముందు వదులు చేసుకుని తర్వాత ఎత్తాలని అప్పటికి తెలీదు, నవ్వకండి), బాక్సు తెరిచి ఒక్కో గోటీ పెట్టి చూస్తున్నా, అన్నిట్లో పెద్దది 14 మిల్లీమీటర్లు. వీల్ నట్టు 19. మా ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడి "నలభై ఆరు అన్నావుగా, ఒక్కటీ పట్టదా?" అంది. ఆ రాత్రి ఒక ఆటో అన్న ఆగి తన పానా ఇస్తే పని అయింది.

ఇది ఎవరూ ముందు చెప్పని సంగతి కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. ఈ 46 పీసుల బాక్సుల్లో గోటీలు 4 నుంచి 14 దాకే ఉంటాయి, గోటీ వెనక ఉండే చదరపు బెజ్జం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఇది చిన్న నట్ల సరంజామా. నా బండికి వీల్ నట్టు 19, చాలా హ్యుందాయ్ బళ్ళకి 21, వాటికి వాడేది అరంగుళం చదరం ఉన్నవి. పైగా నా బండి వీల్ నట్టు బిగువు 85 న్యూటన్ మీటర్లు, లెక్క వేసుకుంటే పావు మీటరు పొడుగు హ్యాండిల్ చివర 35 కిలోలు నొక్కాలి. కిట్టులో వచ్చిన రాచెట్ (టిక్ టిక్ మంటూ ఒకవైపే తిప్పే హ్యాండిల్) జానెడు కూడా లేదు, 15 సెంటీమీటర్లు, దాంతో అయితే 58 కిలోలు. ఒకవేళ 19 గోటీ ఇచ్చినా ఆ చిన్న హ్యాండిల్ తట్టుకోదు, ముందు దాని పళ్ళు పోతాయి. బాక్సు మీద కారు బొమ్మ వేసినోడికి ఇదంతా తెలీదనుకోను.

మర్నాడే రోడ్డు పక్కన బండి మీద 150 పెట్టి మడత వీల్ పానా ఒకటి కొన్నా, ఒకవైపు 17, 19, ఇంకోవైపు 21, 23, హ్యాండిల్ లాగితే పొడుగవుతుంది. అసలు దెబ్బ దీంతో తగిలింది. టైర్ల షాపుల్లో గాలి మిషన్తో టరటరమని బిగించేస్తారు కదా, ఆ నట్టు మీద దీన్ని పెట్టి కాలితో తొక్కా, ఒక్కసారి జారింది, మోకాలు బంపరుకి కొట్టుకుంది. చూస్తే పానాకి ఏం కాలేదు, నట్టు మూలలు మాత్రం గుండ్రంగా అయి కూర్చున్నాయి. తర్వాత తీరిగ్గా కొత్త నట్టు మీద పెట్టి ఆడించి చూశా, 19 అని రాసుంది గానీ లోపల గలగలా ఊగుతోంది, అంటే నట్టు పలకల మీద కాకుండా మూలల మీదే పట్టు, జారక ఏం చేస్తుంది.

మా వీధి చివర మెకానిక్ దగ్గరికి తీసుకెళితే ఆయన 18 గోటీ, పన్నెండు మూలలది, అరిగిన నట్టు మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దిగగొట్టి, పొడుగు రాడ్డు తగిలించి తిప్పితే కిర్రుమని వచ్చింది. నా పానాని చేత్తో తిప్పి తిప్పి చూసి, "సార్, మంచి పానా ఇరిగితే ఇంకోటి కొంటరు. ఇది ఇరగదు, నట్టును తింటది" అన్నాడు. నట్టుతో కలిపి 350 తీసుకున్నాడు. 150 పానాకి 350 జరిమానా. ఇది వీల్ నట్టు కాబట్టి సరిపోయింది, ఇంజను ఆయిల్ బోల్టు అలా అయ్యుంటే ఆ లెక్క వేరే ఉండేది.

అప్పుడు సికింద్రాబాద్‌లో రాణిగంజ్ వెళ్ళా. ఊళ్ళో పనిముట్లు కొనాలంటే నా ఓటు అక్కడికే. హార్డ్‌వేర్, బేరింగులు, మోటార్లు, పైపులు, షాపు పక్కన షాపు, పార్కింగ్ మాత్రం దేవుడికి తెలియాలి, ప్యారడైజ్ మెట్రోలో దిగి ఆటో ఎక్కితే మేలు. అక్కడ గొప్పతనం ఏంటంటే విడిగా ఒక్క పీసు ఇస్తారు. నాకు కావల్సింది 19 గోటీ ఒకటి, ఎల్ హ్యాండిల్ ఒకటి, అంతే. షాపాయన పెద్దాయన, నాకేం కావాలో చెప్పేలోపే రెండు గోటీలు కౌంటర్ మీద పెట్టి "సాబ్, ఎత్తి చూడండి" అన్నాడు. ఒకటి చవకది, ఒకటి కంపెనీది, టపారియా వగైరా. చేతిలో పట్టుకుంటే తేడా తెలిసిపోతుంది, చవకదాని గోడ పల్చగా, లోపల అంచు గరుగ్గా, కంపెనీది లోపల ఆరు మూలలూ శుభ్రంగా. క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు రకం పేరు) అని రెండిటి మీదా కొట్టి ఉంది, కాబట్టి ఆ అక్షరాలు చూసి నమ్మకండి, అచ్చు ఎవడైనా కొడతాడు. ఆరు మూలలదే తీసుకోమన్నాడు, పలకల మీద ఆనుతుంది, పన్నెండు మూలలది ఇరుకు చోట్లో తిప్పడానికి సుఖం గానీ తుప్పు పట్టిన నట్టు దగ్గర అంత మంచిది కాదు. గోటీ, హ్యాండిల్ కలిపి 640 అయింది. బేరం ఆడేటప్పుడు లిస్టు ధర మీద ఎంత తగ్గిస్తారు అని అడగండి, ఊరికే ఎంత అని అడిగితే ముఖం చూసి చెప్తారు. బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ లోపలా బయటా అని కూడా ముందే తేల్చుకోండి.

ఎర్రగడ్డ సండే మార్కెట్ కూడా తిరిగా, పాత పానాలు కుప్పలు పోసి అమ్ముతారు, దొరికితే లంకెబిందెలే, నాకొక పాత బరువైన డబుల్ పానా 60కి దొరికింది, మూతి ఏమాత్రం విచ్చుకోలేదు. అయితే అక్కడ నట్టు ఒకటి జేబులో వేసుకుని వెళ్ళి పెట్టి చూసుకోవాలి, ఎక్కడి నుంచి వచ్చాయో ఆ సరుకులు అని మాత్రం మనసులో ఒక మూల పీకుతూ ఉంటుంది.

ఇంతకీ ఆ 549 బాక్సుని తిట్టడానికే రాస్తున్నా అనుకోకండి. ఇంట్లో అది బాగానే పనికొచ్చింది. పిల్లాడి సైకిల్ బ్రేకు, కిచెన్ కప్‌బోర్డు కీళ్ళు, కుర్చీ అలెన్ కీ బోల్టులు, కారు బ్యాటరీ టెర్మినల్ 10 నట్టు, ఇవన్నీ దాంతోనే. రెండు చోట్ల మాత్రం ఏడిపించింది. ఒకటి, స్టార్ స్క్రూ బిట్లు మరీ మెత్తన, బట్టలారేసే హ్యాంగర్ స్క్రూ గోడలోకి దింపుతుంటే ముక్కు అరిగి గుండీలా అయింది, 40 పెట్టి పీహెచ్2 బిట్టు ఒకటి మంచిది విడిగా కొని అదే బాక్సులో పెట్టుకున్నా, ఇళ్ళల్లో స్క్రూలు ఎక్కువ శాతం ఆ సైజే. రెండోది రాచెట్, మూడో నెలకే టిక్ టిక్ అనకుండా జారడం మొదలెట్టింది. పారేసే ముందు వెనక ఉన్న రెండు చిన్న స్క్రూలు విప్పి చూశా, లోపల గ్రీజు చుక్క లేదు, ఇనప పొడి మాత్రం ఉంది. తుడిచి, వేలి గోరు మీద పట్టేంత గ్రీజు పూసి బిగించా, అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆడుతోంది. మీరు కొంటే కొన్న రోజే ఆ పని చేయండి.

అదే సేల్లో 250కి పసుపు మల్టీమీటర్ కూడా కొన్నా, అది నాకు బాగా నచ్చింది. కారు బ్యాటరీ ఆఫ్‌లో 12.6 వోల్టులుంటే ఫుల్లు, 12.2 అయితే సగం, ఇంజను స్టార్ట్ చేస్తే 14 చుట్టుపక్కల చూపిస్తే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇస్తున్నట్టు. ఈ మాత్రం దానికి అది చాలు. ఒకరోజు పొద్దున ఇంజను ఆఫ్‌లో ఉండగా 14.1 చూపించింది, నా బ్యాటరీ ఎంత గట్టిదో అని మురిసిపోయా, తర్వాత తెలిసింది మీటర్లో ఉన్న 9 వోల్టుల సెల్లు అయిపోవస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుందని. సెల్లు మార్చాక 12.3. ఇంట్లో 230 కరెంటు మీద మాత్రం దాన్ని పెట్టను, 10 ఆంపియర్ల సాకెట్ దగ్గర ఫ్యూజు లేదని దాని మీదే రాసుంది మరి. కటింగ్ ప్లేయర్ కూడా అంతే, పసుపు తొడుగు ఉన్నంత మాత్రాన షాక్ కొట్టదనుకోవద్దు, 1000 వోల్టుల గుర్తు ఉంటేనే కరెంటు పనికి, అయినా ముందు ఎంసీబీ దించాలి.

డ్రిల్లు కొనలేదు. మా అపార్ట్‌మెంట్ మైవాన్ గోడలు, అంతా కాంక్రీటు, చవక డ్రిల్లు అరగంట అరిచినా అంగుళం దిగదు, ఎప్పుడైనా కావాలంటే హార్డ్‌వేర్ షాపులో రోజుకి 200 అద్దెకి పెద్దది తెస్తా. జాకీ విషయంలో ఆఫర్లే చూడను, బండి కింద దూరే పని అసలే పెట్టుకోను.

బాక్సుకి ఐదులో మూడు ఇస్తా, ఇంటికి మాత్రమే. మడత పానాకి సున్నా. ఇప్పుడు డిక్కీలో రాణిగంజ్ గోటీ, హ్యాండిల్ పాత టవల్లో చుట్టి ఉంటాయి, బాక్సు ఇంట్లో చెప్పుల స్టాండు మీద. మళ్ళీ సేల్ మొదలైంది, మా బామ్మర్ది నిన్న రాత్రి 108 పీసులది ఫోటో పంపి తీసుకోనా అన్నాడు. గోటీలు ఎంత దాకా ఉన్నాయో చూడరా, మీ బండి నట్టు సైజు కొలువు ముందు అన్నా. "కలర్ బావుంది బావా" అని రిప్లై పెట్టాడు.