రైలు ఆగని ఊరిలో ఉగ్గాని హోటలు

దేవరకద్ర నుంచి గద్వాల వైపు సాగే రైలు మార్గం పక్కన, ఒకప్పుడు ప్యాసింజరు బండ్లు నిమిషం పాటు ఆగి వెళ్లిన చిన్న పల్లె ఒకటి ఉంది. అక్కడి పాత హాల్టు గదికి ఎదురుగా, వేపచెట్టు కింద, రేకుల కప్పుతో నడుస్తున్న హోటలు గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. మీటర్‌గేజిగా మొదలైన ఈ మార్గం 1990వ దశకంలో బ్రాడ్‌గేజిగా మారినప్పుడు కూడా ఆ హాల్టు నిలిచింది. 2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయి, మళ్లీ పట్టాలెక్కిన తర్వాత మాత్రం ఇక్కడ ఆగే బండి లేకుండా పోయింది. కమీషను మీద టికెట్లు అమ్మే ఏజెంటు గదికి తాళం పడినా, హోటలు పొయ్యి ఆరలేదు.

ఇక్కడ తప్పక తినవలసింది బొరుగులతో (మరమరాలతో) చేసే ఉగ్గాని. చాలా హోటళ్లలో పొద్దున్నే పెద్ద గిన్నెలో కలిపి ఉంచుతారు కాబట్టి, మన వంతు వచ్చేసరికి అది ముద్దకట్టి ఉంటుంది. ఇక్కడి పెద్దమ్మ మనం అడిగిన తర్వాతే బొరుగులను నీళ్లలో ముంచి, రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు వేగుతున్న తాలింపులో వేసి కలుపుతుంది. దించే ముందు పుట్నాల పొడి చల్లుతుంది. అందువల్ల బొరుగులు విడివిడిగా ఉంటూనే మెత్తగా నోట్లో కరుగుతాయి. బండి కదిలేలోపు కిటికీలోంచి పొట్లం అందించిన చేతులు కావడంతో, ఇంత పనీ ఐదు నిమిషాలు దాటదు. "కూసో బిడ్డా, బజ్జీలు సల్లారితె బాగుండవు" అంటూ ముందుగా వాటిని మన ముందు పెడుతుంది. మిరపకాయ కడుపులో వాము, చింతపండు కూరడం వల్ల కారం నాలుకను మండించదు.

జొన్నరొట్టె కూడా మేలైనదే. వేరుశనగ చట్నీలో ఎల్లిగడ్డ ఘాటు బాగా తెలుస్తుంది. చాయలో మాత్రం చక్కెర మరీ ఎక్కువ. తగ్గించమని ముందే చెప్పడం మంచిది. కూర్చోవడానికి రెండు బల్లలే ఉన్నాయి, తాగునీరు వెంట తీసుకెళ్లాలి. ధరలు కూలికి వెళ్లేవారికి అందుబాటులో ఉన్నాయి. ఒకప్పటి రైలు గిరాకీ పోయిన తర్వాత పొలాలకు వెళ్లేవారే ఈ హోటలును నిలబెడుతున్నారు కాబట్టి, ఆ దారిలో కారులో పోయేవారు కూడా ఆగి తినాలని నా కోరిక. పొద్దెక్కాక ఉగ్గాని దొరకదు. రొట్టెలు కావాలంటే ముందుగా చెబితే చేసిపెడతారు.